గోడమీది సముద్రము

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రమున, స్నేక్ రివర్ కారాగారమునందు, 2013 వ సంవత్సరములో ఒక చిన్న గదికి నీలిరంగు పూసి, అందొక కుర్చీని, ఒక ప్రొజెక్టరును అమర్చిరి. దినమునకు 23 గంటలకు పైగా ఒంటరి సెల్లులలో మూయబడి యుండు ఖైదీలను, వారమునకు నాలుగైదు మారులు, కాళ్లు చాపి నడచుటకై తీసికొనివచ్చు వ్యాయామపు గదులలో నది యొకటి. గడ్డిపరకయైనను కంటబడని గది. ఇప్పుడా ఖైదీ సంకెళ్లతో వచ్చి, తలుపు మూసిన పిమ్మట ఆ కుర్చీలో కూర్చుండి, గోడమీద సముద్రపు టలలు విరుగుటయో, అడవిలో వాన కురియుటయో, మబ్బులు కొండకొమ్మును కప్పుచు విప్పుచు సాగుటయో కొంతసేపు చూచి, బొమ్మ ఆగినంతనే మరల సంకెళ్లతో తన సెల్లునకు పోవును. దానికి ‘నీలిగది’ యని పేరు వచ్చినది.

ఈ యూహకు మూలమైన నళినీ నాడ్కర్ణి వృక్షజీవనమును పరిశోధించు శాస్త్రజ్ఞురాలు; మహారణ్యములలో త్రాళ్ల సాయమున చెట్ల కొనకొమ్మల కెక్కి, నేలమీద నడచువారి కంటబడని ఆ పైలోకమును పరిశీలించిన విదుషి; ఆమె తండ్రి భారతీయుడు. నీలిగదికి చాల ముందే, వాషింగ్టన్ రాష్ట్రపు సీడర్ క్రీక్ చెరలో ఆమె ఖైదీలచేత నాచు పెంచించినది. పూలవర్తకులు అడవిచెట్ల నాచును విచ్చలవిడిగా పెరికికొని పోవుచుండగా, దానిని పెంచు మార్గ మెట్టిదో కనుగొనవలెనన్నది ఆనాటి పూనిక. కొన్నియేండ్లకు అదే చెరలో, అంతరించిపోవుచున్న యొక జాతి చుక్కల కప్పలను ఖైదీలు చిన్ననాటినుండి సాకి, పెద్దవైన పిమ్మట చిత్తడినేలలలో విడిచిపెట్టిరి. ఆ పనిలో చేతికి తడి తగిలినది. ప్రక్కన మరియొక మనిషి యుండెను. ఏమరుపాటు కలిగినచో కప్ప చచ్చును. ఏకాంత నిర్బంధములో నున్నవానికి ఇవి యేవియు కుదరవు. కావున వానికొరకు ప్రకృతి బొమ్మగా మారి గోడ యెక్కినది. నాచునకును ఆ బొమ్మకును నడుమ పోయినదేదో, అదియే ఈ సమీక్షకు విషయము.

నీలిగది వార్త లోకమున వ్యాపించి, ‘టైం’ పత్రిక 2014 లో దానిని ఆ యేటి మేటి కల్పనలలో నొకటిగా నెన్నినది. నేరస్థునకు సినిమా యేమిటని విసుగుకొనువా రెన్నడును ఉందురు. వారి మాట నటుంచుదము. కారాగారపు టుద్యోగులలోనే మొదట అట్టివారుండి, పిదప తామే ఆ గదిని కోరుకొనిరట. బరువైన ప్రశ్న వేరొకటి. మనిషిని మనిషినుండి వేరుచేయుటే గాయమైనప్పుడు చెట్టును చూపుట చికిత్స యెట్లగును? పుండొకచోట మందొకచోట అని మనవా రనుటకు దీనికంటె తగిన సందర్భ ముండునా? పైగా ఆ మందు నొప్పిని తెలియనీయక, పుండును కోయవలసినవాని చేతిలోని కత్తిని క్రింద పెట్టించునేమో! దీనిని విచారింపవలెనన్న, ఏకాంత నిర్బంధము తానే మొదట ఒక యంత్రముగా పుట్టినదని గుర్తింపవలసియున్నది.

మన భాషలో ‘ఏకాంతము’ గౌరవముగల మాట. ఋషి కోరి పోవునది అది. తిరుమలలో రాత్రివేళ స్వామికి జరుగు కడపటి సేవకు ఏకాంతసేవ యని పేరు. అయినను అందు అన్నమయ్య జోల యున్నది, తరిగొండ వెంగమాంబ పేర ముత్యాల హారతి యున్నది. దేవునిసైతము పలుకరించువారు లేక తలుపు మూయుటకు మనవారికి మనసొప్పలేదు. క్వేకరు మతస్థులైన అమెరికా సంస్కర్తలుకూడ ఏకాంతమును ఈ మంచి యర్థముననే గ్రహించిరి. కొరడాను, ఉరికొయ్యను, కిక్కిరిసిన కొట్టును అసహ్యించుకొన్న ఆ దయాళువులు, మనిషిని తన యంతరాత్మతో ఒంటరిగా విడిచిన పశ్చాత్తాపము తనంత తానే మొలకెత్తునని నమ్మిరి.

ఆ నమ్మకమునకు కట్టిన గుడి ఫిలడెల్ఫియాలోని ఈస్టర్న్ స్టేట్ కారాగారము. 1829 లో తెరువబడిన ఆ కట్టడమును జాన్ హావిలాండ్ అను వాస్తుశిల్పి బండిచక్రపు ఆకులవలె నడిమి గోపురమునుండి విచ్చుకొను వరుసలతో నిర్మించెను. ప్రతి సెల్లునకు పైకప్పున వెలుతురు దిగు సందు, ప్రతి సెల్లునకు విడిగా గోడకట్టిన చిన్న పెరడు, కుళాయి, మరుగుదొడ్డి, గొట్టములలో పారు వేడి: అప్పటికి అమెరికా అధ్యక్షుని శ్వేతభవనములో సైతము లేని సౌకర్యములు! ఇవన్నియు ఏల? నీటికొరకో, కాలకృత్యములకో, చలికాచుకొనుటకో ఖైదీ గడప దాటినచో మరియొకని మొగము కంటబడును. కంటబడకుండుటకే ఆ సౌకర్యములన్నియు గదిలోనికే వచ్చినవి. తప్పనిసరియై బయటికి తీసికొని పోవలసినప్పుడు తలకు ముసుగు వేయుచుండిరి. సౌకర్యము పెరిగినకొలది ఏకాంతము బిగిసినదన్న ఈ సంగతిని చదువరులు జ్ఞాపకమందుంచుకొనవలెను. ముందు టాబ్లెట్టుల ప్రసక్తి వచ్చినప్పుడు ఇది మరల పనికివచ్చును.

1842 లో చార్లెస్ డికెన్స్ ఆ కారాగారమును చూచి, తన అమెరికా యాత్రాగ్రంథమున ఒక అధ్యాయములో దానిని గర్హించినాడు. దానిని నడుపువారు దుర్మార్గులని ఆయన యనలేదు. వారి యుద్దేశము మంచిదే గాని తాము చేయుచున్నదేమో వారికే తెలియదనియు, దేహముమీది దెబ్బ కంటబడును గాని మనసుమీది దెబ్బ కంటబడదు గనుక ఇది మరింత క్రూరమనియు ఆయన తీర్పు. అంతకుపూర్వమే, న్యూయార్కు రాష్ట్రపు ఆబర్న్ చెరలో 1821 నాటి చివర 80 మందిని పనియైన నీయక ఒంటరిగా మూసి చూచిరి. కొందరు మరణించి, కొందరికి మతి చెడగా, గవర్నరు 26 మందిని క్షమించి విడువవలసివచ్చెను. ఫ్రాన్సునుండి వచ్చి చూచిన టోక్విల్, బోమోంట్ లు ఈ వృత్తాంతమును తమ నివేదికలో నెక్కించిరి. తుదకు 1890 లో, మెడ్లీ యను ఉరిశిక్షితుని వ్యాజ్యములో, ఉరికి ముందు విధించిన ఏకాంతవాసము అదనపు శిక్షయే యని అమెరికా సుప్రీంకోర్టు నిర్ణయించుచు, ఒంటరి ఖైదు మనుష్యులను మందమతులను, ఉన్మత్తులను చేసిన తీరును ప్రస్తావించెను. అప్పటికి ఆ పద్ధతి చాలవరకు సడలిపోయినది. చచ్చినదనియే పెక్కురు తలచిరి.

అది లేచి వచ్చినది. ఇల్లినాయిలోని మారియన్ చెరలో 1983 లో ఇద్దరు కావలివారు ఒకేదినమున హత్యకు గురియైన పిమ్మట అచటి ఖైదీలందరిని గదులలో బంధించిరి. 1989 లో కాలిఫోర్నియాలో పెలికన్ బే, 1994 లో కొలరాడోలో ఫ్లోరెన్స్ చెర వెలసినవి. పెలికన్ బేలోని ప్రత్యేక నిర్బంధ విభాగమున కిటికీ లేదు. దూరపు గదిలో కూర్చుండి మీట నొక్కిన తలుపు తెరచుకొనును, కెమెరా చూచుచుండును, గోడలోని స్పీకరు ఆజ్ఞ వినిపించును. వెనుకటి కాలమున ఎంత క్రూరుడైన వార్డరైనను తాళము తీయుటకై దగ్గరకు రావలసియుండెను. ఆ వచ్చుటలో ఒక దగ్గు, ఒక తిట్టు, చుట్టపొగ వాసన, ఏదో యొక మానుషస్పర్శ యుండెను. మీట వచ్చి దానినిగూడ తొలగించినది. ఖైదీకి ప్రతిగా చిన్న టెలివిజను నిచ్చిరి. ఒకచేతితో మనిషిని తీసివేసిన యంత్రమే రెండవచేతితో మనిషి బొమ్మను అందించినదన్నమాట.

మనసున కేమగునో కనుగొనుటకు శాస్త్రజ్ఞులు చేసిన ప్రయత్నములు రెండు తెరగులు. ఈ రెంటిని కలిపివేయుటచేతనే నేటి చర్చలో చాల గందరగోళము పుట్టుచున్నది. మాంట్రియల్ నగరపు మెక్‌గిల్ విశ్వవిద్యాలయములో, డొనాల్డ్ హెబ్ విభాగమున, 1950 దశకపు తొలినాళ్లలో విద్యార్థులకు దినమునకు 20 డాలర్లిచ్చి, కండ్లకు పొగమంచువంటి అద్దములు, చేతులకు అట్ట గొట్టములు తొడిగి మెత్తని పడకమీద పరుండబెట్టిరి. పనిలేని ఆ కూలి ఆనాటికి మంచి కూలియే. అయినను చాలమంది రెండుమూడు దినములకే లేచిపోయిరి. కొందరికి లేని రూపములు కండ్లముందు కదలాడెను. ఇది ఇంద్రియముల ఆకలి. మనసునకు మేత లేక మనసు తన్నుతానే నమలుట.

రెండవది మనిషికొరకైన ఆకలి. విస్కాన్సిన్‌లో హారీ హార్లో కోతిపిల్లలను తల్లినుండి వేరుచేసి, ఇనుపతీగతో నొక తల్లిబొమ్మను, మెత్తని గుడ్డతో నొకదానిని చేసిపెట్టగా, పాలసీసా తీగబొమ్మకు కట్టియున్నను పిల్లలు గుడ్డబొమ్మనే కరచుకొని యుండెను. 1958 లో ప్రకటితమైన ఈ ప్రయోగము లోకప్రసిద్ధము. దాని కొనసాగింపు అంత ప్రసిద్ధము కాదు: గుడ్డతల్లివద్ద పెరిగిన ఆ పిల్లలు పెద్దవై తోటి కోతులలో కలియలేకపోయెను, జంటకూడ నేరకపోయెను, తల్లులైనవి తమ పిల్లలను దరిజేరనీయకపోయెను. గుడ్డబొమ్మ ఆ క్షణపు భయమును తీర్చినది నిజము. కాని అది తిరిగి కరచుకొనలేదు. నీలిగదిని గూర్చి నాకున్న మెప్పునకును సంశయమునకును గల కారణ మీ వాక్యములో నిమిడియున్నది.

మనోవైద్యుడు స్టూయర్ట్ గ్రాసియన్ మసాచుసెట్స్‌లోని వాల్‌పోల్ చెరలో 14 మంది ఏకాంత ఖైదీలను పరీక్షించి 1983 లో వ్రాసిన పత్రమున ఈ రెండాకలుల లక్షణములును కలగలిసి కనిపించును: చిన్న చప్పుడుకే ఉలికిపాటు, భ్రాంతులు, ఆలోచన నిలువకపోవుట, ఎవరో హానిచేయుదురన్న శంక. చెర వీడినవారి సంగతి ఉత్తర కెరొలైనా లెక్కలు చెప్పినవి; ఏకాంతములో నుండి వచ్చినవారు విడుదలైన తొలి యేటనే మరణించుట తక్కినవారికంటె 24 శాతము హెచ్చని 2019 లో తేలినది. కొలరాడోలో 2013 లో కారాగార శాఖాధిపతి టామ్ క్లెమెంట్స్‌ను ఆయన యింటి గుమ్మములోనే కాల్చిచంపినవాడు, ఏకాంత నిర్బంధమునుండి తిన్నగా వీధిలోనికి విడువబడినవాడు. అట్లు విడుచుట తగదని, ఏకాంతమును తగ్గింపవలెనని పాటుపడుచుండిన అధికారియే దానికి బలియగుట విధి వైపరీత్యము. ఆయన స్థానమున వచ్చిన రిక్ రేమిష్ 2014 జనవరిలో ఒక సెల్లులో 20 గంటలు తానే గడిపి చూచి, 2017 నాటికి 15 దినములకు మించిన ఏకాంతమును తన రాష్ట్రమున రద్దుచేయించెను. ఆయన తెరలు పెట్టించి సరిపుచ్చుకొనలేదు, గడువు పెట్టెను.

ఇక నీలిగది ఫలితము. ఒక సంవత్సరకాలపు పరిశీలన పిమ్మట 2017 లో ప్రకటించిన పత్రమున, బొమ్మలు చూచిన ఖైదీలలో హింసాత్మకమైన తప్పిదములు 26 శాతము తక్కువగా నమోదైనట్లు చెప్పబడినది. చూచిన కొన్ని గంటలవరకు మనసు నిమ్మళించియున్నదని పలువురు ఖైదీలు తెలిపిరి; ఒకనికి కోపము పొంగుచున్నదని తోచిన నుద్యోగులే వానిని ముందుగా ఆ గదికి పంపసాగిరి. ఇది చిన్న మేలు కాదు. ఒక కొట్లాట తప్పిన ఖైదీకి ఎముక విరుగదు, వార్డరు ఇల్లు చేరును, శిక్షాకాలము పెరుగదు. అయినను ఇందు లెక్కకెక్కినది ఎవరి పుస్తకములోని లెక్క? అధికారి రిజిస్టరులోని పంక్తులు తగ్గినవి. రాత్రి రెండుగంటలకు తనలో తాను గొణుగుకొనువాని గొణుగుడు తగ్గెనా యన్నది ఆ రిజిస్టరున కెక్కదు. బాధ తగ్గుటయు అల్లరి తగ్గుటయు ఒక్కటి కావు. ఆబర్న్‌లో మతిచెడినవారుకూడ తుదకు అల్లరి మానినవారే.

సమ్మతి మాట యొకటి కలదు. ఫిలడెల్ఫియాలోనే హోమ్స్‌బర్గ్ చెరలో 1950 దశకము మొదలు 1970 దశకమువరకు ఖైదీల చర్మముమీద మందులను, రసాయనములను పరీక్షించిరి. డబ్బున కాశపడి వారు సంతకము చేసినందున అది సమ్మతియనిరి. 1979 నాటి బెల్మాంట్ నివేదిక, ఖైదీ సమ్మతి యెంత సులభముగా కొనదగినదో హెచ్చరించినది ఇట్టివాని పిమ్మటనే. 23 గంటలు గోడను చూచువానిని “సముద్రము చూతువా?” యని అడుగుటలో ‘వద్దు’ అను జవాబునకు చోటెంత యున్నది? నే నిందుచేత నీలిగదిని హోమ్స్‌బర్గ్‌తో పోల్చుట లేదు, అది అన్యాయము. కాని ఆకలితో మలమలమాడువానికి గంజి పోసి, గంజియే వీనికి ప్రియమని వ్రాసికొనకుండిన చాలును.

టాబ్లెట్టుల కథ దీనికంటె మురికిది. అమెరికాలో నేడు పెక్కు జైళ్లలో ఖైదీలకు చౌకరకపు టాబ్లెట్టులు ఉచితముగా పంచుచున్నారు. ఉచితమైనది పలక మాత్రమే. 2019 లో పశ్చిమ వర్జీనియా ఖైదీలు అట్టి పలకమీద పుస్తకము చదువుటకు నిమిషమునకు 5 సెంట్ల చొప్పున చెల్లింపవలసినట్లు బయటపడినది. ఆ పుస్తకములు హక్కులు తీరిపోయి, లోకమున నెవరైనను ఊరక చదువుకొనదగినవి. అనగా గంటకు మూడు డాలర్లు; చెరలోని కూలి గంటకు కొన్ని సెంట్లు. నెమ్మదిగా చదువువాడు, చదివినది మరల చదువువాడు, ఒక వాక్యమువద్ద ఆగి గోడవంక చూచి ఆలోచించువాడు, అందరికంటె ఎక్కువ చెల్లించును! చదువునకు మీటరు బిగించిన ఘనత మన కాలమునకే దక్కినది. వీడియో ములాఖతును తెచ్చుకొన్న జిల్లాస్థాయి జైళ్లు చాలవరకు ఎదురుగా కూర్చుండి మాటాడు ములాఖతును ఎత్తివేసినవని 2015 నాటి యొక పరిశీలన తెలిపినది. బహుదూరమున నున్న తల్లికి తెర గొప్ప యుపకారమే. ఊరిలోనేయున్న భార్యకు అది తలుపు మూయుట. ఈస్టర్న్ స్టేట్‌లో కుళాయి గదిలోనికి వచ్చిన తీరుననే ములాఖతు సెల్లులోనికి వచ్చినది. వచ్చి, గడప దాటు నవసరమును తీసికొనిపోయినది. పైగా పలక బహుమానమైనది గనుక దండనగా లాగికొనుటకును వీలైనది. కిటికీని జప్తుచేయు చెర పూర్వము లేదు.

తలకు తగిలించుకొను తెరలు తరువాతి మెట్టు. కాలిఫోర్నియాలో ఒక స్వచ్ఛంద సంస్థ ఏకాంత ఖైదీలకు వీనిద్వారా దూరదేశపు వీధులను చూపి, అంతటితో విడువక, చూచినదాని గూర్చి వారిచేత మాటాడించి, బొమ్మలు వేయించి, నటింపజేయుచున్నది. ఇందు గుణమంతయు ఆ తెర తీసివేసిన తరువాతి గంటలో నున్నదని నా యభిప్రాయము. అప్పుడక్కడ ఒక మనిషి యుండి ‘ఏమి చూచితివి?’ అని అడుగుచున్నాడు. మాటాడు యంత్రములనే తోడిచ్చిన చాలదా యను ఆలోచన ఇక రాకమానదు. 1966 లో జోసెఫ్ వైజెన్‌బామ్ ‘ఎలైజా’ యను సంభాషణాయంత్రమును చేసినప్పుడు, అది తన మాటలనే తిరుగవేయు కట్టుకథ యని తెలిసియు ఆయన కార్యదర్శి దానితో తన గోడు చెప్పుకొనుటకై ఆయనను గది విడిచి పొమ్మన్నదట. స్వేచ్ఛగా తిరుగునామెయే అట్లు లోబడగా, మూడేండ్లుగా ఎవరితోను పలుకనివాడు లోబడుటలో వింత లేదు. కాని వాని మాటలను ఆ యంత్రము ఎవరికి చేరవేయును? చెరలో టెలిఫోను మాటలు రికార్డగుట నేడే మామూలు. ఒప్పుకోలు చెప్పించుకొను నేస్తమునకు పూర్వకాలమున వేగులవాడని పేరు.

సౌకర్యమే పరిష్కారమా యన్న ప్రశ్నకు నార్వే దేశము కఠినమైన పరీక్ష పెట్టినది. 2011 లో 77 మందిని చంపిన ఆండర్స్ బ్రైవిక్‌కు ఒకటికంటె నెక్కువ గదులు, వ్యాయామ సాధనములు, టెలివిజను, ఆటలయంత్రము సమకూరినవి. తనకిచ్చిన ఆటయంత్రము పాతదని 2014 లో వాడు ఫిర్యాదు చేయగా లోకము నవ్వినది. అట్టివానిపట్ల సైతము, ఇతర ఖైదీలతో కలియనీయని దీర్ఘకాలపు ఏకాంతము అమానుష వ్యవహారమని 2016 ఏప్రిల్‌లో ఓస్లో న్యాయస్థానము తీర్పుచెప్పెను. మరుసటి యేడు పై న్యాయస్థానము దానిని త్రోసిపుచ్చినది. 2024 లో వాని మరియొక వ్యాజ్యము వీగిపోవునాటికి వానికి మూడు చిలుకలుకూడ నుండెను. ఏ తీర్పు సరియైనదో ఇచట తేల్చను. వాడు నవ్వుకుగాని జాలికిగాని పాత్రుడు కాడు. కాని న్యాయాధిపతులు రెండుమారులును విచారించినది ఆటయంత్రముల సంఖ్యను మాత్రమే కాదు, వానితో కూర్చుండి మాటాడు మనుష్యులెవరన్నదానిని. నా కదియే చెప్పుకొనదగినదిగా తోచుచున్నది.

ఐక్యరాజ్యసమితి 2015 డిసెంబరులో ఆమోదించిన ‘నెల్సన్ మండేలా నియమములు’ ఏకాంత నిర్బంధమును ఇట్లు నిర్వచించినవి: అర్థవంతమైన మానవసంపర్కము లేకుండ దినమునకు 22 గంటలు, అంతకుమించి బంధించుట. వరుసగా 15 దినములు దాటినచో అది దీర్ఘ ఏకాంతమై నిషిద్ధమగును. రాబోవు తగవంతయు ఈ నిర్వచనపు గుమ్మములోనే జరుగనున్నదని నా నమ్మిక. ఒక యధికారి సెల్లులో తెర పెట్టి, దినమునకు రెండున్నర గంటలు వీడియోలో ఉపాధ్యాయుడో, మనోవైద్యుడో, కృత్రిమ స్నేహితుడో కనిపించునట్లు ఏర్పాటుచేసి, ‘ఇది సంపర్కమే, కావున వీడు ఏకాంతములో లేడు, కావున 15 దినముల లెక్క వీనికి వర్తింపద’నిన నేమి చేయుదము? గోడ కదలలేదు, మనిషి కదలలేదు, కాగితముమీద మాత్రము ఏకాంతము మాయమైనది. ఇట్టి దానిని ముందే యూహించినట్లుగా, ఎసెక్స్ విశ్వవిద్యాలయములో కూడిన నిపుణులు ఈ నియమములపై వ్రాసిన వ్యాఖ్యానమున, అర్థవంతమైన సంపర్కమనగా ముఖాముఖిగా, నడుమ అడ్డులేక, నిలుకడగా జరుగునదని వివరించిరి. తినుబండారము త్రోయు సందులోనుండి పలికిన మాట దానిక్రిందకు రాదు. తెరకూడ అట్టి సందే. కాకపోయిన కొంచెము వెడల్పైన సందు.

మన దేశమున ఈ విషయమై ధర్మశాస్త్ర మొకటి, ఆచారమొకటిగా నున్నవి. 1860 నాటి శిక్షాస్మృతి 73, 74 సెక్షన్లు కోర్టు విధించు ఏకాంతవాసమును మొత్తముమీద మూడు నెలలకును, ఒక్కమారు 14 దినములకును పరిమితము చేసినవి. ఇది కాలము చెల్లిన శిక్ష గనుక తొలగింపవలెనని న్యాయసంఘము 1971 నాటి 42వ నివేదికలో చెప్పినది. 1978 లో సునీల్ బత్రా వ్యాజ్యమున, ఉరిశిక్ష పడినంతమాత్రమున ఖైదీని ఒంటరి సెల్లులో పారవేయు నధికారము జైలుశాఖకు లేదని సుప్రీంకోర్టు నిర్ణయించెను. అందు కృష్ణయ్యరుగారి తీర్పు చెరగోడలలోపలికి రాజ్యాంగమును తీసికొనిపోయినదని చెప్పవచ్చును. ఇంత జరిగిన పిమ్మట 2024 జులైలో అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహిత, పాత శిక్షాస్మృతిలో నెన్నింటినో మార్చి, ఈ రెండు సెక్షన్లను మాత్రము 11, 12 అని సంఖ్య మార్చి భద్రపరచినది! కోర్టు చెప్పకయే, భద్రత పేరున, జైలులోపల జరుగు ఒంటరి నిర్బంధమునకు ఈ లెక్కలును వర్తింపవు.

యంత్రము మన చెరలలో ప్రవేశించిన తీరునకు తెలుగువాని యుదాహరణ మొకటి కలదు. అమలాపురమున జన్మించి, ఢిల్లీలో ఆంగ్లాధ్యాపకుడై, పోలియోచే నడుము క్రింది భాగము చచ్చుబడి చక్రాలకుర్చీలో మసలిన జి. ఎన్. సాయిబాబా నాగపూరు కేంద్రకారాగారపు ‘అండా సెల్’ అను ఒంటరి గదిలో ఏండ్లతరబడి యుండెను. 2022 మేలో ఆయన సెల్లు ముందర, స్నానము, మలమూత్ర విసర్జనసైతము కనబడునట్లుగా కెమెరా నమర్చిరని కుటుంబమువారు మహారాష్ట్ర హోంమంత్రికి మొరపెట్టుకొనిరి; దానిని తొలగింపుమని ఆయన నిరాహారదీక్షకు పూనుకొనెను. 2024 మార్చిలో హైకోర్టు నిర్దోషియని విడువగా, అదే యేడు అక్టోబరులో హైదరాబాదున మరణించెను. ఆయన రాజకీయములతో నేకీభవించుట, ఏకీభవింపకుండుట ఈ చర్చకు అనవసరము. ఆ యేకాంతపు సెల్లులోనికి వెళ్లిన విద్యుత్సాధనము ఖైదీ చూచుకొను తెర కాక, ఖైదీని చూచు కన్నగుట యాదృచ్ఛికము కాదు. ఒంటరితనములోని ఏకాంతమునుకూడ తీసివేసి ఉత్త ఒంటరితనమును మిగుల్చు సాధనమది. కోవిడ్ కాలమున ములాఖతులు నిలిచిపోగా మన జైళ్లలో ‘ఈ-ములాఖత్’ పేర వీడియో పిలుపులు వచ్చినవి. ఆ గడ్డుకాలమున అవి ఎన్నో ఇండ్లకు ఊపిరియైనవి. ఫోను కొనలేని యింటివారికి, వందమైళ్లు బస్సులో పోలేనివారికి వానిని నిలుపవలసినదే. అవి కటకటాల ముందటి బల్లను పెరికివేయకుండ చూచుకొనుటయే కావలసినది.

అట్లయిన సముద్రమును గోడమీదనుండి చెరిపివేయుదమా? రాదు. ఈ రాత్రి లోపల నున్నవానికి సిద్ధాంతశుద్ధి కూడు పెట్టదు. వాని బాధను పెంచి లోకమును మేలుకొలుపుట మన హక్కు కాదు. తెర నీయవలసినదే, వెల కట్టక ఈయవలెను, దండనగా లాగికొనకుండ ఈయవలెను, వాడు చదివినది, పలికినది మరియొకరి కందకుండ ఈయవలెను. కాని దానిని దుప్పటి లెక్కలో వ్రాయవలెను గాని విడుదల లెక్కలో వ్రాయరాదు. తెర యెన్నిగంటలు వెలిగినను, 22 గంటల గడియారము, 15 దినముల పంచాంగము వానిపాటికి అవి నడచుచుండవలెను. ఏ యుపకరణము వచ్చినను నేనడుగునది యొక్కటే: దాని ఆవలి కొసను మనిషి యున్నాడా, ఉన్నచో ఖైదీ మాటకు వాడు బదులు పలుకునా?

గోలకొండ కోటలో రామదాసు చెర యని చూపు గదిలో, గోడమీద సీతారామలక్ష్మణులు, హనుమంతుడు చెక్కియుందురు. చీకటిలో ఆయనే చెక్కినాడని చెప్పుకొందురు. అదియు గోడమీది బొమ్మయే. కాని ఆ బొమ్మను ఖైదీ తానే తెచ్చుకొన్నాడు. దానిముందు కూర్చుండి మ్రొక్కినాడు, వేడినాడు, నగలకు లెక్క చెప్పుమని నిలదీసినాడు. నీలిగదిలోని సముద్రముతో ఎవడును తగవులాడలేడు.

పెలికన్ బే ఖైదీలు కాలక్రమమున తమ యంత్రములను తామే నిర్మించుకొనిరి. దుప్పటి దారములు పేని, కొసకు బరువు కట్టి, తలుపు క్రిందినుండి విసరి, ఎదుటి సెల్లువాని దారముతో మెలివేసి, చీటి లాగికొనుటను వారు ‘చేపలు పట్టుట’ యందురు. మరుగుదొడ్డి గొట్టములోని నీటిని తోడివేసి దానినే మాటాడు గొట్టముగా చేసికొనువారును గలరు. 2013 జులైలో కాలిఫోర్నియా చెరలలో దాదాపు 30,000 మంది ఒకేదినమున అన్నము మానిరి. రెండేండ్లకు రాష్ట్ర ప్రభుత్వము రాజీకి వచ్చి, గడువులేని ఏకాంతమును విడువవలసివచ్చెను. ఆ సమ్మెను తలపెట్టినవారు పెలికన్ బే ఏకాంతపు గదులలోనివారే. ఏ టాబ్లెట్టును వారికి లేదు.

ఈ విద్య పాతది. రష్యా ప్రభువంశీకుడై విప్లవకారుడైన క్రొపోత్కిన్‌ను 1874 లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని పీటర్-పాల్ కోటలో బంధించిరి. చప్పుడు దాటకుండ గోడలకు లోపల దళసరి కంబళి పరచి, పైన గుడ్డ, రంగుకాగితము అంటించియుండిరి. తొలినాళ్లలో ఆయన గోడను తట్టెను, నేలను తట్టెను, చెవి యానించి విన్నను బదులు లేదు. ఏడాదికి పైగా గడచిన పిమ్మట, దేశమెల్ల అరెస్టులు జరిగి చుట్టుపట్ల సెల్లులు నిండగా, ఒకనాడు గోడ పలికినది: అక్షరమునకిన్ని దెబ్బలను లెక్కతో ఎవరో తట్టుచుండిరి. అటుపిమ్మట మరియొక చెరకు మార్చబడినప్పుడు ఆయన అట్లే తట్టుచు, ప్రక్కగదిలోని యొక పడుచువానికి పారిస్ కమ్యూను చరిత్రను మొదటినుండి తుదివరకు చెప్పెను. అది ముగియుటకు ఒక వారము పట్టినది.